రాజనీతిశాస్త్రంలో డాక్టరేటు: అభిప్రాయం ఉంటే చాలదు, ప్రశ్న కావాలి

జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర, ఇరానీ హోటళ్ళలో చాయ్ ముందు, పెళ్ళి దావత్‌లలో దస్తర్‌ఖాన్ చుట్టూ మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేది రాజకీయాల గురించే. పాలస్తీనాలో ఏం జరుగుతోంది, ఢిల్లీలో ఏ బిల్లు వచ్చింది, గల్ఫ్‌లో వీసాల సంగతేమిటి, ఈసారి మన నియోజకవర్గంలో ఎవరు నిలబడతారు? ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంది. కాని ఇవే విషయాలను ఏళ్ళ తరబడి కూర్చుని, ఆధారాలు వెతికి, పద్ధతి ప్రకారం చదివేవారు మన ఇళ్ళలో ఎందరున్నారని అడిగితే మాత్రం తడబడతాం.

మన ఇళ్ళలో డాక్టర్ సాబ్ అంటే స్టెతస్కోపు మెడలో వేసుకున్నవారే. రెండో రకం డాక్టరు కూడా ఉన్నారని, విశ్వవిద్యాలయంలో ఒక అంశంపై పరిశోధన చేసి ఆ పట్టా పొందుతారని వినివుంటాం. ఆ పట్టా ఎలా వస్తుందో, ఎన్నేళ్ళు పడుతుందో, ఖర్చెంతో, చివరికి ఏమవుతుందో తెలియదు. తెలియనందువల్ల బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివిన తెలివైన పిల్లవాడు డిగ్రీతోనే ఆగిపోతున్నాడు. ఎం.ఏ. ఫస్టుక్లాసులో పాసైన అమ్మాయి ఇంట్లో కూర్చుంటోంది. ఆ దారిని గడప నుంచి చివరిదాకా చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏమిటీ చదువు?

రాజనీతిశాస్త్రం అంటే రాజకీయ నాయకుడయ్యే విద్య కాదు. ప్రభుత్వాలు ఎలా ఏర్పడతాయి, ఎలా నడుస్తాయి, చట్టాలు ఎవరికి మేలు చేస్తాయి, ప్రజలు ఓటు ఎందుకు అలా వేస్తారు, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం అంటే ఏమిటి అని పరిశీలించే శాస్త్రం. దేశాల మధ్య సంబంధాలు, యుద్ధాలు, ఒప్పందాలు, ఐక్యరాజ్యసమితి వంటి సంస్థలు, వలసలు, చమురు వ్యాపారం మొదలైనవి అంతర్జాతీయ వ్యవహారాల కిందికి వస్తాయి. కొన్నిచోట్ల ఈ రెండూ ఒకే విభాగంలో ఉంటాయి. మరికొన్నిచోట్ల అంతర్జాతీయ సంబంధాలకు వేరే విభాగం ఉంటుంది.

హైదరాబాదులోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం (1918), హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (1974), మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం (1998)లలో రాజనీతిశాస్త్ర విభాగాలున్నాయి. అంతర్జాతీయ వ్యవహారాలకు దేశంలో పేరున్నది ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. అక్కడి అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు 1955లో వేరే సంస్థగా మొదలై 1970లో జె.ఎన్.యు.లో కలిసింది. జామియా మిల్లియా, అలీగఢ్, పాండిచ్చేరి విశ్వవిద్యాలయాలలోనూ ఈ చదువుంది. అలీగఢ్‌లో పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా దేశాల అధ్యయనానికి ప్రత్యేక విభాగమే ఉంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. రాయబారి కావాలంటే పిహెచ్.డి. చేయాలని చాలామంది అనుకుంటారు. కాదు. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు సివిల్ సర్వీసెస్ పరీక్ష రాయాలి, దానికి డిగ్రీ చాలు. డాక్టరేటు దారి వేరు. అది అధ్యాపకులను, పరిశోధకులను తయారుచేస్తుంది.

గడప దాటడానికి అర్హత

మన దేశంలో పిహెచ్.డి.కి నియమాలు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) నిర్ణయిస్తుంది. 2022 నవంబరు 7న కొత్త నిబంధనలు వెలువడ్డాయి. వాటి ప్రకారం మూడేళ్ళ డిగ్రీ తర్వాత రెండేళ్ళ ఎం.ఏ., లేదా నాలుగేళ్ళ డిగ్రీ తర్వాత ఒక ఏడాది ఎం.ఏ. కనీసం 55 శాతం మార్కులతో పాసై ఉండాలి. ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి. (నాన్ క్రీమీలేయర్), వికలాంగులు, ఆర్థికంగా వెనుకబడినవారికి (ఇ.డబ్ల్యు.ఎస్.) 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు ఎం.ఏ. లేకుండానే దరఖాస్తు చేయవచ్చు.

54 శాతం వచ్చిన విద్యార్థికి ఎంత తెలివి ఉన్నా ఈ గడప దగ్గరే ఆగిపోతాడు. కనుక ఎం.ఏ. చదివే పిల్లలు ‘పాసైతే చాలు’ అనుకోకూడదు. ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలోనే చేసి ఉండాలా, చరిత్ర, ప్రభుత్వపాలన, సామాజికశాస్త్రం వంటివి చదివినవారినీ తీసుకుంటారా అన్నది ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనలో ఉంటుంది. దరఖాస్తు రుసుము కట్టేముందే అది చదువుకోవాలి.

ఇదివరకు పిహెచ్.డి.కి ముందు ఎం.ఫిల్. చేసేవారు. 2022 నిబంధనలతో ఎం.ఫిల్. రద్దయింది. ఎవరైనా కాలేజీవారు ఇప్పుడు ఎం.ఫిల్. సీటు ఇస్తామంటే నమ్మవద్దు.

మదర్సా చదువు చదివినవారికి

ఆలిమ్, ఫాజిల్ పూర్తిచేసిన యువకులు ‘మాకూ వీలుందా?’ అని అడుగుతుంటారు. వీలుంది, కాని మధ్యలో మెట్లున్నాయి. మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, అలీగఢ్, జామియా, జె.ఎన్.యు. కొన్ని మదర్సాల సనదులను ప్రవేశాలకు గుర్తిస్తున్నాయి. మదర్సా విద్యార్థులను ఆధునిక చదువుకు సిద్ధంచేసే బ్రిడ్జి కోర్సు అలీగఢ్‌లో 2013లో మొదలైంది. ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ అలాంటి కోర్సు ఉంది. తమ మదర్సా పేరు ఆ విశ్వవిద్యాలయం జాబితాలో ఉందా లేదా, ఉంటే ఏ తరగతికి సమానంగా గుర్తించారు అన్నది ముందుగా చూసుకోవాలి.

జాబితాలో లేనివారు నిరాశపడనక్కరలేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా గాని, రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గాని పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసి, తర్వాత డిగ్రీలో చేరవచ్చు. యు.జి.సి. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. పది, ఇంటర్ లేదా వాటికి సమానమైన కాగితం లేకుండా అడ్డదారిలో డిగ్రీ సంపాదించినవారికి మాత్రం పిహెచ్.డి. దగ్గరో, ఉద్యోగం దగ్గరో చిక్కు వస్తుంది. పునాది లేని మేడ ఎక్కకూడదు.

మదర్సాలో చదివినవారి చేతిలో ఒక పెట్టుబడి ఉంది. అది భాష. అరబ్బు దేశాల విధానాలపై పరిశోధన చేసేవారికి అరబీ, ఇరాన్‌ను చదివేవారికి ఫార్సీ, దక్కన్ రాజకీయ చరిత్ర చదివేవారికి ఉర్దూ తప్పనిసరి సాధనాలు. ఇతరులు ఎం.ఏ. తర్వాత కష్టపడి నేర్చుకునేదాన్ని మన పిల్లలు పన్నెండేళ్ళకే నేర్చుకుంటున్నారు. అయితే దానికి ఇంగ్లీషు తోడు కావాలి. ఈ శాస్త్రంలో గ్రంథాలు, పత్రికలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. అరబీ మాత్రమే వచ్చి ఇంగ్లీషు రాకపోయినా, ఇంగ్లీషు మాత్రమే వచ్చి అరబీ రాకపోయినా పరిశోధన ఒంటికాలిమీద నడిచినట్టే.

ఇందుకు మన హైదరాబాదులోనే ఉదాహరణ ఉంది. 1908లో ఇక్కడ పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో చదివి, అంతర్జాతీయ న్యాయాన్ని తన రంగంగా ఎంచుకున్నారు. 1930లలో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం నుంచి ఒక డాక్టరేటు, పారిస్‌లోని సోర్బాన్ నుంచి మరొక డాక్టరేటు పొందారు. ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలో యుద్ధ సమయపు తటస్థత గురించి బాన్‌లో రాశారు. ప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ కాలపు దౌత్యం గురించి సోర్బాన్‌లో రాశారు. ఆధారాలు అరబీలో ఉన్నాయి, రాయవలసింది జర్మన్‌లో, ఫ్రెంచిలో. ఆ భాషలన్నీ నేర్చుకున్నారు. 2002లో అమెరికాలో కన్నుమూసేదాకా చదువూ రాతా వదలలేదు. మన గల్లీల నుంచి ఇంత దూరం వెళ్ళడం అసాధ్యం కాదని ఆయన జీవితం చెబుతోంది.

నెట్ పరీక్ష

అర్హత ఉన్నంత మాత్రాన సీటు రాదు. యు.జి.సి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంది. 2018 డిసెంబరు నుంచి దీన్ని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తోంది. మామూలుగా జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి చొప్పున ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. మొదటి పేపరులో 50 ప్రశ్నలు, 100 మార్కులు. బోధన, పరిశోధన సామర్థ్యం, తార్కిక జ్ఞానం వంటివి ఇందులో ఉంటాయి. రెండో పేపరులో ఎంచుకున్న శాస్త్రంపై 100 ప్రశ్నలు, 200 మార్కులు. మొత్తం మూడు గంటలు. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. ఎం.ఏ. చివరి ఏడాది చదువుతున్నవారు కూడా రాయవచ్చు.

2024 జూన్ పరీక్ష నుంచి ఫలితాలను మూడు తరగతులుగా ఇస్తున్నారు. మొదటి తరగతివారికి జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ (జె.ఆర్.ఎఫ్.), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పిహెచ్.డి. ప్రవేశార్హత మూడూ వస్తాయి. రెండో తరగతివారికి ఫెలోషిప్ తప్ప మిగతా రెండూ వస్తాయి. మూడో తరగతివారికి పిహెచ్.డి. ప్రవేశార్హత మాత్రమే. జె.ఆర్.ఎఫ్. వచ్చినవారిని ఇంటర్వ్యూ ఆధారంగా తీసుకుంటారు. తక్కిన రెండు తరగతులవారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. వారి మార్కులు పిహెచ్.డి. ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతాయి. కనుక ఫలితం వచ్చాక ‘వచ్చే ఏడు చూద్దాం’ అని కూర్చుంటే అవకాశం చేజారుతుంది.

జె.ఆర్.ఎఫ్.కు వయోపరిమితి 30 ఏళ్ళు. ఆడవారికి, ఓ.బి.సి. (నాన్ క్రీమీలేయర్), ఎస్.సి., ఎస్.టి., వికలాంగులకు మరో ఐదేళ్ళు సడలింపు ఉంది. ఫెలోషిప్ లేకుండా పిహెచ్.డి.లో చేరడానికి నెట్‌లో వయోపరిమితి లేదు.

కొన్ని విశ్వవిద్యాలయాలు సొంత ప్రవేశ పరీక్ష కూడా పెడతాయి. అందులో సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతులపై, సగం శాస్త్రంపై ఉండాలని నిబంధన. ఏ విశ్వవిద్యాలయం ఏ దారి అనుసరిస్తోందో, ఆ ఏడు ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో ప్రకటనలో చూసుకోవాలి. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురికి మించి గైడుగా ఉండరాదు. కాబట్టి సీట్లు తక్కువే. తనకు ఇష్టమైన అంశంలో గైడు లేనిచోట చేరితే పరిశోధన సాగదు. విభాగంలో ఎవరు ఏ అంశంపై రాశారో ముందే చదివి వెళ్ళడం మంచిది.

సర్టిఫికెట్ల దగ్గర జాగ్రత్త

మన కుటుంబాలు దెబ్బతినే చోటు ఇది. తెలంగాణలో గాని, ఆంధ్రప్రదేశ్‌లో గాని బి.సి.-ఇ సర్టిఫికెట్ చేతిలో ఉంటే అన్నిచోట్లా పనిచేస్తుందని అనుకుంటారు. అది రాష్ట్ర జాబితా. నెట్ పరీక్షలోను, కేంద్రీయ విశ్వవిద్యాలయాలలోను చూసేది కేంద్ర ఓ.బి.సి. జాబితా. రెండూ ఒకటి కావు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకున్న తర్వాతే ఆ గడి నింపాలి. లేనివారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి ఆస్తి నిబంధనలు కూడా సరిపోతే, కేంద్ర సంస్థల దగ్గర ఇ.డబ్ల్యు.ఎస్. కింద అడగవచ్చు. ఈ కాగితాలకు తేదీ కూడా ముఖ్యమే. నాన్ క్రీమీలేయర్, ఇ.డబ్ల్యు.ఎస్. సర్టిఫికెట్లు పాతవి ఇస్తే తిరస్కరిస్తారు.

మరొక చిన్న విషయం పెద్ద తలనొప్పి తెస్తుంది. పదో తరగతి మెమోలో ‘షేక్’ ఇంటిపేరుగా ముందు, డిగ్రీలో పేరు చివర, ఆధార్‌లో అసలు లేకుండా ఉంటుంది. అమ్మాయిల పేర్లలో ఒకచోట ‘బేగం’, మరోచోట ‘సుల్తానా’. ఇంటర్ చదివేనాటికే పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాలలో ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోవాలి.

అభిప్రాయం నుంచి ప్రశ్నకు

ఇంటర్వ్యూలో అడిగే మొదటి మాట, ‘మీరు ఏ అంశంపై పరిశోధన చేస్తారు?’ అన్నది. ‘గల్ఫ్ వలసల మీద’ అంటే అది సమాధానం కాదు. అది సముద్రం. ‘గల్ఫ్‌లో మనవాళ్ళకు అన్యాయం జరుగుతోంది’ అన్నా సమాధానం కాదు. అది అభిప్రాయం. అభిప్రాయం నిజమే కావచ్చు, కాని పరిశోధనకు ప్రశ్న కావాలి. ఆ ప్రశ్నకు జవాబు ముందే తెలిసి ఉండకూడదు. ఆధారాలతో తేల్చే వీలుండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఇళ్ళలో పనిచేయడానికి ఎందరో స్త్రీలు కువైట్ వెళ్ళారు. కువైట్ 2015లో ఇంటి పనివారికోసం 68వ నంబరు చట్టం చేసింది. 2021 జూన్‌లో భారత్, కువైట్ మధ్య ఇంటి పనివారి విషయమై అవగాహన ఒప్పందం కుదిరింది. ‘చట్టం, ఒప్పందం వచ్చిన తర్వాత జీతం అందని పనిమనిషి ఫిర్యాదు పరిష్కారమయ్యే విధానంలో మార్పు వచ్చిందా? వస్తే ఎందుకు, రాకపోతే ఎక్కడ ఆగింది?’ ఇది ప్రశ్న. దీనికి జవాబు వెతకాలంటే అరబీలో ఉన్న చట్టం చదవాలి. పార్లమెంటులో మంత్రులు ఇచ్చిన లిఖిత సమాధానాలు సేకరించాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టాలి. తిరిగివచ్చిన స్త్రీలను వారి ఊళ్ళలో, వారి భాషలో కలిసి మాట్లాడాలి. వారి పేర్లు బయటపడకుండా కాపాడాలి. ఇతర దేశాలతో కుదిరిన ఒప్పందాలతో పోల్చాలి. అప్పుడు వచ్చే జవాబు మనకు నచ్చినా, నచ్చకపోయినా రాయాలి.

ఆ చివరి షరతే అన్నిటికంటే కష్టమైనది. మనవాళ్ళ తప్పు కనిపిస్తే దాచి, ఎదుటివారి తప్పు కనిపిస్తే పెద్దదిచేసే అలవాటు వీధి చర్చలో చెల్లుతుంది గాని విశ్వవిద్యాలయంలో చెల్లదు. మదర్సాలో హదీసు చదివినవారికి ఇది కొత్తకాదు. ఈ మాట ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఆ మనిషి నమ్మదగినవాడా అని ఇస్నాద్‌ను పరిశీలించే శిక్షణ వారికుంది. వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్మే ముందు అదే ప్రశ్న వేసుకోగల పిల్లవాడు పరిశోధకుడు కాగలడు.

లోపలికి వెళ్ళాక

సీటు వచ్చాక మొదట కోర్సువర్కు ఉంటుంది. కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులు, శాస్త్రంలోని ముఖ్య సిద్ధాంతాలు, పరిశోధన నైతికత ఇందులో భాగం. ఇందులో 55 శాతం తెచ్చుకోకపోతే ముందుకు పోనివ్వరు. తర్వాత పరిశోధన సలహా సంఘం ముందు తన ప్రణాళిక పెట్టి ఆమోదం పొందాలి. అక్కడినుంచి ప్రతి సెమిస్టరుకు ఒకసారి ఆ సంఘం ముందు నిలబడి ఎంత పని జరిగిందో చెప్పాలి. పాఠాలు చెప్పడంలో శిక్షణ కూడా ఇస్తారు. వారానికి 4 నుంచి 6 గంటలు బోధన సహాయకుడిగా పని అప్పగించవచ్చు.

తర్వాత ఆధారాల సేకరణ, రాత. ఇది ఒంటరి పని. పరీక్షలా తేదీ ఉండదు, మార్కులు రావు, ఇంట్లోవాళ్ళకు ఏం చేస్తున్నాడో అర్థంకాదు. ‘ఇంకా ఎన్నాళ్ళు చదువుతావు బేటా?’ అని చుట్టాలు అడుగుతుంటారు. చాలామంది మానేసేది ఈ దశలోనే. కనుక తల్లిదండ్రులు కాలం లెక్క ముందే తెలుసుకోవాలి. కనీస కాలం కోర్సువర్కుతో కలిపి మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. మళ్ళీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్ళు దొరకవచ్చు.

రాత పూర్తయ్యాక విభాగంలో అందరిముందు వివరించాలి. ఇతరుల రచన నుంచి కాపీ కొట్టలేదని కంప్యూటర్ పరిశీలనలో తేలాలి. ఆ తర్వాత సిద్ధాంత గ్రంథాన్ని గైడుతోపాటు ఆ విశ్వవిద్యాలయంలో పనిచేయని కనీసం ఇద్దరు పరీక్షకులు చదువుతారు. ఇద్దరూ సరేనంటే వైవా, అంటే మౌఖిక పరీక్ష జరుగుతుంది. ఒకరు కాదంటే మూడో పరీక్షకుడికి పంపుతారు. ఆయన కూడా కాదంటే గ్రంథం తిరస్కరించినట్టే. ఈ తతంగమంతా ఆరునెలల్లో ముగియాలని నిబంధన. మూల్యాంకనం ముగిశాక, పట్టా ప్రకటించేముందు గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు పంపుతారు. అది ‘శోధగంగ’ భాండారంలో చేరి అందరికీ అందుబాటులో ఉంటుంది. పరిశోధన చేయదలచినవారు ముందు ఆ భాండారంలోనే తమ అంశంపై ఎవరెవరు ఏం రాశారో ఉచితంగా చదవవచ్చు.

2022కు ముందు గ్రంథం సమర్పించాలంటే పత్రికలో వ్యాసం అచ్చయి ఉండాలన్న షరతు ఉండేది. యు.జి.సి. దాన్ని తీసేసింది. అయినా కొన్ని విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. ఉద్యోగ ఇంటర్వ్యూలో అచ్చయిన వ్యాసాలకు విలువ ఉంటుంది.

ఖర్చు ఎలా గడుస్తుంది?

జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలోషిప్ కింద 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్ లేనివారికి నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ సాయం ఉంది. నగరంలో అది గది అద్దెకు, భోజనానికే సరిపోదు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తే నెట్‌కు ఒక ఏడాది గట్టిగా చదవడం ఎంత అవసరమో తెలుస్తుంది.

మైనారిటీ విద్యార్థులకోసం 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. ఎన్నో పేద ఇళ్ళ పిల్లలు దానిమీద పరిశోధన చేశారు. ఇప్పుడు కొత్తవారికి అది లేదు. పాత పుస్తకాలు, పాత కరపత్రాలు చూసి దానిమీద ఆశపెట్టుకుని చేరవద్దు. కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నవారికి జాతీయ ఓ.బి.సి. ఫెలోషిప్ ఉంది. భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి (ఐ.సి.ఎస్.ఎస్.ఆర్.) డాక్టరేటు విద్యార్థులకు ఫెలోషిప్‌లు ప్రకటిస్తుంటుంది. తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన అమ్మాయిలకు యు.జి.సి. సావిత్రీబాయి జోతీరావు ఫూలే ఫెలోషిప్ ఏర్పాటుచేసింది. వీటి ప్రకటనలకోసం కనిపెట్టుకుని ఉండాలి.

ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి పార్ట్‌టైమ్ పిహెచ్.డి.ని నిబంధనలు అనుమతిస్తున్నాయి. పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. కోర్సువర్కు, పరీక్షలు అందరితో సమానమే.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట

‘పెళ్ళి చేశాక చదువుకుంటుందిలే’ అంటారు. పెళ్ళయ్యాక ‘పిల్లలు పెద్దయ్యాక’ అంటారు. నిబంధనలు ఈ కష్టాన్ని గుర్తించాయి. స్త్రీలకు మామూలు గడువుపై మరో రెండేళ్ళు, అంటే మొత్తం పదేళ్ళదాకా సమయం దొరుకుతుంది. పరిశోధన కాలంలో ప్రసవానికి, పిల్లల సంరక్షణకు 240 రోజులదాకా సెలవు ఇవ్వవచ్చు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళవలసివస్తే, కొన్ని షరతులపై పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలుంది. అయితే కాగితంమీద ఉన్న సౌకర్యం ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటేనే అక్కరకొస్తుంది. నికాహ్ మాటలు జరిగేటప్పుడు జహేజ్ గురించి కాదు, అమ్మాయి చదువు కొనసాగడం గురించి స్పష్టంగా మాట్లాడుకోవాలి. కువైట్ నుంచి తిరిగివచ్చిన స్త్రీ తన బాధను ఒక అమ్మాయికి చెప్పుకున్నంత ధారాళంగా అబ్బాయికి చెప్పదు. ఈ శాస్త్రానికి మన అమ్మాయిల అవసరం ఉంది.

విదేశాలకు వెళ్ళాలనుకుంటే

అమెరికాలో రాజనీతిశాస్త్రం పిహెచ్.డి. మామూలుగా ఐదారేళ్ళు. నాలుగేళ్ళ డిగ్రీతోనే చేర్చుకునే విశ్వవిద్యాలయాలు ఎక్కువ. మొదటి రెండేళ్ళు తరగతులు, ఆపై సమగ్ర పరీక్ష, తర్వాత ప్రణాళిక ఆమోదం, చివరగా గ్రంథరచన. గణాంకశాస్త్రం తప్పించుకోలేరు. మంచి విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. విద్యార్థికి ఫీజు మాఫీ చేసి, బోధన సహాయకుడిగా పని ఇచ్చి నెలనెలా భత్యం ఇస్తాయి. లక్షలు అప్పుచేసి పిహెచ్.డి.కి వెళ్ళవలసివస్తే ఆ సీటు గురించి మరోసారి ఆలోచించుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మైనారిటీల విదేశీ విద్యా పథకం కింద అర్హులకు 20 లక్షలదాకా సాయం ఉంది. ప్రకటన, ఆదాయ పరిమితి చూసుకుని దరఖాస్తు చేయాలి.

మోసపోవద్దు

‘ఆరునెలల్లో డాక్టరేటు’, ‘ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ పిహెచ్.డి.’ అనే ప్రకటనలు వస్తుంటాయి. దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని పిహెచ్.డి. చెల్లదు. విదేశీ సంస్థల పేరుతో ఆన్‌లైన్ పిహెచ్.డి. ఇస్తామనేవారిని నమ్మవద్దని 2022 అక్టోబరులో యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. కలిసి హెచ్చరించాయి. డబ్బు కడితే శాలువా కప్పి ఇచ్చే గౌరవ డాక్టరేట్లు వేరే సంగతి. వాటితో ఏ కాలేజీలోనూ పాఠం చెప్పనివ్వరు. మరొకరిచేత గ్రంథం రాయించుకోవడం కూడా చోరీయే. అది తర్వాత బయటపడినా పట్టా పోతుంది.

చదివితే ఏమవుతుంది?

నిజం చెప్పుకుందాం. పిహెచ్.డి. అయిన మరునాడు ఉద్యోగం వచ్చి తలుపు తట్టదు. విశ్వవిద్యాలయాలలో నియామకాలు నెమ్మది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి 2023 జూలై 1 నుంచి నెట్ గాని, రాష్ట్ర సెట్ గాని కనీస అర్హత, పిహెచ్.డి. ఐచ్ఛికం. అయితే 2018 నాటి నిబంధనల ప్రకారం పై మెట్టయిన అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి పిహెచ్.డి. ఉండాలి. విదేశాంగ విధానంపై పనిచేసే పరిశోధన సంస్థలు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు, అంతర్జాతీయ సంస్థలలోనూ ఈ చదువుకు చోటుంది. త్వరగా సంపాదన అవసరమైన ఇంటి పెద్దకొడుకు ముందు బి.ఇడి.తోనో, మరో ఉద్యోగంతోనో నిలదొక్కుకుని, తర్వాత పార్ట్‌టైమ్‌లో చేరడం తెలివైన పని.

ఈ చదువుకు మరొక ఫలం ఉంది. వలసపై, వక్ఫ్‌పై, రిజర్వేషన్లపై, పట్టణ పేదరికంపై కమిషన్లు కూర్చున్నప్పుడు అక్కడ కోపానికి చోటుండదు, లెక్కకు, ఆధారానికి ఉంటుంది. మన గురించి ఇతరులు రాసినది చదివి బాధపడడం కంటే, మనవాళ్ళలో ఒకరు నిజాయితీగా పరిశోధించి రాసినది పదిమంది చదివేట్టు చేయడం మేలు.

కనుక ఇంటర్ చదివే పిల్లల కాగితాలు ఇప్పుడే సరిచూడండి. డిగ్రీ చదివేవారిచేత రోజూ ఒక ఇంగ్లీషు, ఒక తెలుగు దినపత్రిక సంపాదకీయం చదివించండి, ఉర్దూ వస్తే ఉర్దూ పత్రిక కూడా. ఎం.ఏ.లో ఉన్నవారు 55 శాతాన్ని దాటి, చివరి ఏడాదిలోనే నెట్ రాయాలి. రాత్రి భోజనాల దగ్గర రాజకీయాలు మాట్లాడే పిల్లవాణ్ణి ‘చాల్లే, చదువుకో’ అని గదమకండి. ‘ఈ మాట నీకెలా తెలుసు బేటా? ఆధారమేమిటి?’ అని అడగండి. జవాబుకోసం వాడు పుస్తకం తెరిస్తే, ఇన్‌షా అల్లాహ్, మొదటి మెట్టు ఎక్కినట్టే.